నీడపట్టు సీటు

…కాదు, ఇష్టపడే కూర్చున్నాను, అది అబద్ధమని ఏ నోటితో చెప్పను, మా మండల విద్యాధికారి కిష్టయ్య సారు గోడ పక్కన ఫ్యాను కిందున్న కుర్చీని చూపించి "నీకెందుకు బిడ్డా ఎండల తిరుగుడు, నీడపట్టున కూసో, మొగపోరగాండ్లు తిరుగుతరు తియ్" అన్నప్పుడు నాకు కోపం రాలేదు, పైగా లోపల ఎక్కడో చల్లబడింది, కూలికి పోయి వచ్చిన మా అమ్మ గడప మీద కూర్చుని కొంగుతో విసురుకునేటప్పుడు ఆమె ముఖంలో కనిపించే చల్లదనం లాంటిది, ఆమెకు పొద్దుగూకే వేళ కాసేపు దొరికింది నాకు రోజంతా దొరకబోతోందని అనుకున్నాను, ఆ అనుకోవడం నాదే, ఎవరూ తెచ్చి నా తలలో పెట్టలేదు. మరి ఈరోజు వికారాబాదులో, జిల్లా విద్యాశాఖ ఆఫీసులో, హైదరాబాదు నుంచి విచారణకు వచ్చిన ముగ్గురు అడగబోయే ప్రశ్న అదే. ఇష్టపడి కూర్చున్నారా, కూర్చోబెట్టారా? రెండే జవాబులు వాళ్ళు వెంట తెచ్చుకుంటారు, మనిషి లోపల రెండే గదులు ఉన్నట్టు. ఫిర్యాదు చేసిన పద్మారాణి నిన్న ఫోనులో "కూసోబెట్టిండ్రు అని చెప్పక్కా, గంతే, ఒక్క ముచ్చట ఎక్కువ మాట్లాడకు" అంది. ఇప్పుడు రైల్లో నా పక్కన కిటికీ దగ్గర కూర్చుని పచ్చి కందికాయలు ఒలుచుకు తింటున్న కార్తీక్ "ఇష్టంతోనే అని చెప్పక్కా, అందరికీ మంచిగుంటది" అంటున్నాడు. ఇద్దరూ నన్ను అక్కా అనే పిలుస్తారు. ఇద్దరికీ పని నేర్పింది నేనే. ఇద్దరూ నా నోట్లో ఒక్కో మాట పెట్టి, మింగుతున్నానా లేదా అని చూస్తున్నారు.

పద్మారాణి ఫిర్యాదు వింటే ఎంత సాఫీగా ఉంటుందో. జిల్లాలో ఏ మండల విద్యా ఆఫీసుకు పోయినా కుర్చీలో ఉండేది ఆడవాళ్ళు, బండి మీద పాఠశాలలు తిరిగేది మగవాళ్ళు. కుర్చీ జీతం తక్కువ, బండి జీతం ఎక్కువ. కనుక ఆడవాళ్ళని తక్కువ చేస్తున్నారు. పైవాళ్ళు ఇచ్చిన జవాబు ఇంకా సాఫీ. ఒకే పనికి ఒకే జీతం, ఆడామగా తేడా మా దగ్గర లేనే లేదు, తాండూరులో ఫీల్డుకు పోయిన స్నేహలత అనే ఆవిడకు మగవాళ్ళతో సమానంగా ఇచ్చాం, ఎవరినైనా అడగండి. నిజమే, ఇచ్చారు. ఆమె బతికుండగా ఒక్క నెల కూడా తగ్గించలేదు. ఆ రెండూ నిజాలే, పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి ముట్టుకోని రెండు నిజాలు, వాటి మధ్య సందులో నేను పదిహేను మంది ఆడవాళ్ళ తరఫున, వయసులో పెద్దదాన్ని కాబట్టి, చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుని కూర్చున్నాను.

రైలు తాండూరు దాటుతోంది. పట్టాల పక్కన పాలిష్ పట్టే షెడ్లు, నిలబెట్టి పేర్చిన బండలు, వాటి మధ్య పారి ఎండిపోయిన తెల్లటి మడ్డి. గాలి లేస్తే అదే పిండిలా ఎగిరి వస్తుంది. ఈ ఊళ్ళో అందరి మీదా పడుతుంది, చుట్టాలెవరైనా వచ్చి కుర్చీ చేతి మీద వేలితో రాసి చూపిస్తే తప్ప మేం పట్టించుకోం. కానీ స్నేహలత కనుబొమ్మల మీద చూశాను. సాయంత్రం కరణ్‌కోట వైపు పాఠశాలలన్నీ చూసుకుని వచ్చి స్కూటీ స్టాండు వేసి, స్కార్ఫు విప్పితే, ముఖమంతా మామూలుగా, కనుబొమ్మలూ రెప్పలూ మాత్రం తెల్లగా ఉండేవి. "చూడక్కా, పొద్దుగాల పోయేటప్పుడు నీకు చెల్లెను, వచ్చేవరకు మీ అత్తనైన" అనేది. ఆఫీసు వెనక నల్లా దగ్గర ముఖం కడుక్కుని సీసాడు నీళ్ళు నిలబడే తాగేది. "పొద్దటి సంది సుక్క ముట్టలె. తాగితే యాడికి పోవాలె చెప్పు? బాత్రూం తాళంచెవి హెడ్‌మాస్టర్ జేబుల ఉంటది, అడిగితే ఆయనే సిగ్గుపడతడు." నవ్వుతూనే చెప్పేది. ఆ తెల్లటి కనుబొమ్మలు ఆమె పోయాక నన్ను వదల్లేదు. ఎదురు సీట్లో కందికాయల మూటతో కూర్చున్న ముసలవ్వకూ, కంపార్టుమెంటు గోడకూ మధ్య జానెడు ఖాళీ ఉంది, అందులో ఇప్పుడు కూడా స్నేహ కూర్చుని ఉంది, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, ముఖం కడుక్కోకుండా. నేను రోడ్డు దాటేటప్పుడు, లారీ హారను వినపడ్డప్పుడు, మా చిన్నది స్కూటీ నేర్చుకుంటానన్నప్పుడు వచ్చి అలా చూస్తుంది, అంతే, నేను వెనక్కి తగ్గుతాను.

"అక్కా, తిను," అని కార్తీక్ నా చేతిలో నాలుగు గింజలు పోశాడు. అవ్వ దగ్గర కొన్నవే. నవాబుపేటలో సొంతంగా కందిచేను ఉన్నవాడు రైల్లో కాయలు కొనుక్కుని తినడం ఏమిటని అవ్వ అప్పుడే ఎగతాళి చేసింది కూడా. వాడి ముఖంలో కల్మషం లేదు. అదే బాధ. కల్మషం ఉన్నవాడైతే తేలికగా ఉండేది.

"నిజం చెప్పక్కా," అన్నాడు. "ఎండల మాడేది ఎవరు? బండి నాది, పెట్రోల్ నాది, ఊరూరికి కుక్కలు వెంబడి పడేది నన్ను. నీకు ఫ్యాను, నాకు కుక్కలు. మరి జర ఎక్కువ ఇయ్యద్దా?"

"ఇయ్యాలె," అన్నాను.

"మరింకేంది?"

"కుక్కలు నాకొద్దని మీకు ఎవరు చెప్పిండ్రు?"

పెద్దగా నవ్వాడు. "నిన్ను చూస్తే కుక్కలు గూడ వందనాలు పెట్టి పోతయి గదా!" అవ్వ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు తగ్గాక వాడు గొంతు దించి, "ఫికర్ ఏందంటే అక్కా, గీ లొల్లితోని మిమ్మల్ని పైకి తేరు, మమ్మల్ని కిందికి గుంజుతరు. అప్పుడు ఆడామగా సమానమే ఐతది, అందరం ఎండిపోయి," అన్నాడు. అది వాడి భయం. నాకు అర్థమవుతుంది. ఎవరి భయమైనా నాకు తొందరగా అర్థమవుతుంది, నాది తప్ప.

వాడు ఫీల్డు అంటాడు. రోజూ మధ్యాహ్నానికి వాడి ఫోటోలు నా ఫోనుకు వస్తాయి, గోడ మీది బోర్డు, మధ్యాహ్న భోజనం గిన్నె, హాజరు, కింద ఒక మాట, "అక్కా జర చూసి ఎక్కియ్." చూస్తే ఆరో తరగతిలో ఉన్న పిల్లలు ఏడులోకి వచ్చేసరికి తగ్గి ఉంటారు, నేను హెడ్‌మాస్టర్‌కు ఫోను చేస్తాను, ఎవరు పత్తి ఏరడానికి పోయారు, ఎవరికి పెళ్ళి కుదిరింది, ఎవరు కర్ణాటక వైపు చుట్టాలింట్లో ఉన్నారు, అన్నీ కనుక్కుని లెక్క సరిచేస్తాను. పొద్దుగూకేసరికి వాడు ఆ పాఠశాల చూసి వచ్చినట్టు రిపోర్టు నేను రాస్తాను. మండలంలో ప్రతి పాఠశాలా నాకు గొంతులతో తెలుసు. ఒకచోట ఫోను ఎత్తగానే వెనక నేల మీద బెంచీలు ఈడ్చే శబ్దం, ఇంకోచోట ఎప్పుడూ దగ్గే ఒక టీచరమ్మ, ఒకచోట గంట కొడితే సగంలో ఆగిపోతుంది, పగిలిన గంట కాబోలు. ఆ గొంతుల చుట్టూ నేనే గోడలు కట్టుకున్నాను, చెట్లు పెట్టుకున్నాను. ఒక్కసారే నిజంగా చూశాను. స్నేహ పట్టుబట్టింది. "ఒక్క దినం రా అక్కా, నువ్వు ఫోన్ల మాట్లాడే సార్ల మూతులు చూద్దువు," అని స్కూటీ వెనక ఎక్కించుకుంది. "జర గట్టిగ పట్టుకో, పడ్డవంటే మీ ఆయన నన్ను కోసి కారం పెడతడు." గాలి చెవుల్లో హోరుమంటుంటే నేను కళ్ళు మూసుకుని ఆమె నడుము పట్టుకున్నాను, తర్వాత తెరిచాను, తర్వాత చేయి తీసేశాను. మొదటి పాఠశాలలో నేను అనుకున్న వేపచెట్టు లేదు. ఎడమ పక్కన ఉంటుందనుకున్న వరండా కుడి పక్కన ఉంది. దగ్గే టీచరమ్మ నా కంటే చిన్నది, నన్ను చూసి "మీరేనా రెబెక్క మేడమ్, ఇంత పొట్టిగున్నరేంది!" అంది. ఆ రోజు ఒళ్ళంతా నొప్పులు, మెడ కమిలిపోయింది, అన్నం తినకుండా నిద్రపోయాను, ఎన్నో ఏళ్ళకు కలలు రాని నిద్ర. మర్నాడు కిష్టయ్య సారు నా మెడ చూసి నొచ్చుకున్నాడు. "అయ్యో, ఏంది బిడ్డా గిది? నేను లేనా చెప్పుకునెటందుకు?" నన్నెవరూ బలవంతంగా పంపలేదు, ఇష్టంగా పోయాను, ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది, కానీ అంత ప్రేమగా అడిగే మనిషి ముందు ఇష్టం అనే మాట పొగరులా వినపడుతుందేమో అనిపించి ఊరుకున్నాను. మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. అది ఇష్టమేనా? అప్పుడు కూడా ఫ్యాను చల్లగానే ఉంది.

రుక్మాపూర్‌లో ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. కన్నడంలో ఒక తల్లి పిల్లను తిడుతోంది. నేను కూర్చున్న కొత్తలో ఆ కుర్చీకి ఇంకో పేరు లేదు, అది ఎవరికీ గుర్తులేదు. అప్పుడు అందరం కోఆర్డినేటర్లమే, కుర్చీలో ఉన్నా బండి మీద ఉన్నా ఒకటే పేరు, ఒకటే జీతం. తర్వాత ఎప్పుడో హైదరాబాదులో ఎవరో ఒక బల్ల ముందు కూర్చుని రెండుగా విడగొట్టారు. తిరిగేవాళ్ళు కోఆర్డినేటర్లుగా మిగిలారు, కూర్చున్నవాళ్ళు ఆపరేటర్లయ్యారు. విడగొట్టినవాళ్ళు ఆడా మగా అనుకుని ఉండరు, ఒట్టేసి చెప్పగలను, ఎక్కడ కూర్చున్నారో అదే చూసి ఉంటారు. నేను కుర్చీని ఇష్టపడ్డాను సరే, ఆ కుర్చీ కింద తర్వాత ఎవరో గుంత తవ్వితే అది కూడా నా ఇష్టంలోకే వస్తుందా? కానీ మా ఆఫీసులో కొత్తగా చేరిన సింధుజ అంటుంది, "నాకైతే గీ సీటే మస్తుంది అక్కా, పద్మక్క ఉత్తగనే పంచాయితీ పెట్టింది, బాబుకు పాలిచ్చి వస్త, మల్ల నాలుగున్నరకు ఇంట్ల ఉంట." ఆమె చెప్పేది అబద్ధమా? కాదు. పద్మారాణి చెప్పేది అబద్ధమా? పద్మారాణికి సొంత స్కూటీ ఉంది, పరిగి వైపు దోమ దాకా ఒంటరిగా పోయి వస్తుంది, ఫీల్డు కావాలని నోరు తెరిచి అడిగింది. స్నేహ పోయిన తర్వాత అడిగింది. కిష్టయ్య సారు రెండు చేతులూ జోడించాడు. "కాళ్ళు మొక్కుతా తల్లీ, ఇంకొక ఆడబిడ్డను రోడ్డు మీదికి పంపి పాపం కట్టుకోలేను." అంత వయసాయన అలా చేతులు జోడిస్తే ఎవరు మాట్లాడతారు? పద్మారాణే మాట్లాడలేదు. ఆ రోజు నుంచి మా ఆఫీసులో ఆడవాళ్ళెవరూ ఫీల్డు అన్న మాట ఎత్తలేదు, చుట్టుపక్కల మండలాల్లో కూడా అదే కథ చెప్పుకుని అలాగే కూర్చున్నారు.

ఎందుకంటే స్నేహ రోడ్డు మీద పోయింది. ఫీల్డులో పోయింది. అందరికీ తెలుసు. నాకు కనిపిస్తూనే ఉంటుంది, నేను అక్కడ లేకపోయినా, రోడ్డు వంపు, వాన వెలిసిన తడి, తెల్లమడ్డి మీద జారిన చక్రం, ఎదురుగా లారీ, భుజానికి రిపోర్టుల సంచి, కనుబొమ్మల మీద పిండి. ప్రతిసారీ ఒకేలా కనిపిస్తుంది, ఒక్క గీత కూడా మారదు. సంతాప సభలో ఆమె ఫోటోకు దండ వేసి కిష్టయ్య సారు మైకులో ఏడ్చాడు. "విధి నిర్వహణలో అసువులు బాసిన మన స్నేహలతమ్మ" అన్నాడు. ఆ మాట పెద్దగా, గంభీరంగా ఉంది, అందరం తలలు వంచాం. ఈరోజు ఆయన కూడా వస్తున్నాడు, రిటైరయినా పిలిచారట, మళ్ళీ అదే చెబుతాడు. ఆడవాళ్ళని ఎందుకు పంపలేదంటే ఇందుకు. పంపితే సమానంగా ఇచ్చామంటే అదిగో, ఆమెకు. ఒక్క మనిషి చావును రెండు వైపులా రెండు గుంజల్లా పాతి, ఆ మధ్యలో మా అందరినీ కట్టేశారు, కట్టినవాళ్ళలో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. నువ్వేమంటావు, స్నేహా? అవ్వ పక్కన ఆ జానెడు ఖాళీలో తెల్లటి రెప్పలు ఒకసారి వాలి లేచాయి, అంతే.

ధారూరు వచ్చింది. కిందటి నెలలో మా క్రైస్తవుల జాతరకు ఇక్కడే దిగాం, అందరం చాపలూ గిన్నెలూ మోసుకుంటూ. ఒకావిడ ఎక్కింది, చేతిలో పాత పాటల పుస్తకం లేదు, బైబిల్ లేదు, కూరగాయల సంచి ఉంది, కానీ నిలబడ్డచోటే నోట్లో సన్నగా ఒక కీర్తన అనుకుంటోంది, మా చర్చిలో కానుక పట్టేటప్పుడు పాడేది, రెండో చరణంలో గొంతు పైకి పోతుంది, అక్కడ మా పాస్టరయ్యకు ఎప్పుడూ శ్రుతి తప్పుతుంది, అందరం నవ్వు ఆపుకుంటాం. ఆవిడ రెండో చరణానికి వచ్చింది. నా ఒళ్ళో ఫోను వణికింది. లేదు, వణకలేదు, ఫోను సంచిలో ఉంది. వణికింది అప్పుడు. ఇదే చరణం దగ్గర, పాటల పుస్తకం కింద, ఇదే తెల్ల చీర కుచ్చిళ్ళ మీద. పక్కనున్న మా ఆడబిడ్డ నన్ను మోచేత్తో పొడిచి "ఆపెయ్, గుడిల ఉన్నం" అంది. నేను బయటికి వచ్చి, చెప్పుల గుట్ట దగ్గర నిలబడి ఎత్తాను, లోపల ఇంకా పాడుతూనే ఉన్నారు, స్నేహ వాళ్ళ అన్న గొంతు. పాట వినపడుతూనే ఉంది. నేను చర్చిలో ఉన్నాను. తెల్ల చీరలో ఉన్నాను. ఆ రోజు ఆదివారం.

ఆదివారం. ఆదివారం పాఠశాల ఎక్కడిది? రిపోర్టుల సంచి ఎక్కడిది? నేను ఆసుపత్రికి చేరేసరికి ఆమెను ఇనుప బల్ల మీద పడుకోబెట్టారు, అప్పుడు చూశాను, చూశాను కదా నేను, ఈ కళ్ళతోనే, ఆమె నైటీలో ఉంది, పసుపుపచ్చ పూల నైటీ, పైన చున్నీ, వీధి చివరి దుకాణానికి పోయేటప్పుడు మేం అందరం అలాగే పోతాం, తలస్నానం చేసిన జుట్టు ఇంకా తడిగా ఉంది, కుంకుడుకాయ వాసన, హెల్మెట్ లేదు, ఎవరు పెట్టుకుంటారు కొత్తిమీర కట్టకు పోతూ. వాళ్ళ అన్న కొత్తిమీర అనే మాటను పదేపదే అన్నాడు. "కొత్తిమీరకు పోయిందక్కా. కొత్తిమీర లేకుంటే కూర ఏం కూర అన్నది." కనుబొమ్మలు నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఒక్క రేణువు లేదు వాటి మీద. అంత స్పష్టంగా చూసినది ఎటు పోయింది? ఎవరూ దొంగిలించలేదు. సంతాప సభలో సారు ఆ మాట అన్నప్పుడు నా పక్కన కూర్చున్నవాళ్ళు చెవిలో "అట్లంటేనే ఇంటోల్లకు ఏదన్న వస్తది" అన్నారు, మంచి పనే కదా అనుకున్నాం, ఇంటివాళ్ళకు ఏమీ రాలేదు, కానీ మాట మిగిలిపోయింది. నలుగురు దాన్నే అన్నారు, నలభై మంది అన్నారు, రోజూ నల్లా దగ్గర నేను చూసిన ముఖాన్ని నా మనసే తెచ్చి ఆ మాటకు అతికించింది, నైటీ తీసేసి యూనిఫారం లాంటి చుడీదారు వేసింది, తడి జుట్టుకు హెల్మెట్ పెట్టింది, పిండి చల్లింది. ఇన్నేళ్ళు నేను భయపడ్డది జరగని దానికి. పద్మారాణిని ఆపింది జరగనిది. ఎండలో, పల్లెల్లో, కుక్కల మధ్య అన్ని వేల మైళ్ళు తిరిగి స్నేహ ఒక్కసారి కూడా పడలేదు. ఇంటి పక్కన, సెలవు నాడు, నీడలో స్కూటీ మీంచి పడింది, పోయింది.

ఎదురుగా చూశాను. అవ్వ మూటను ఇటు జరుపుకుంది, ఖాళీ లేదు. వెతికాను, నిజంగానే వెతికాను, భయపడుతూ, ఆ ముఖం లేకుండా ఎలా ఉంటానని, అది నన్ను బెదిరించింది కానీ నాకు తోడు కూడా ఉంది. లేదు. కుంకుడుకాయ వాసన మాత్రం ఒక్క క్షణం, అది కూడా ఎక్కిన ఆవిడ జుట్టుదేమో.

కిటికీలో అడవి వెనక్కి పోయి, గుట్టలు దగ్గరికొచ్చి, రైలు మెల్లగా సాగి, సాగి, ఆగింది. వికారాబాదు ఔటర్ సిగ్నల్. పర్లి లైను మీది బండి పోయేదాకా ఇక్కడే. ఆఫీసులకు పోయే మగవాళ్ళు అందరూ లేచారు, ఇది రోజూ జరిగేదే, తలుపు దగ్గర గుంపై ఒక్కొక్కరూ కిందికి దూకి పట్టాల వెంట నడిచిపోతారు, ఆడవాళ్ళం సీట్లలోనే ఉండి ప్లాట్‌ఫారం మీద దిగుతాం. దిగవద్దని ఎవరూ మాకు చెప్పలేదు. ఇష్టపడే కూర్చుంటాం.

కార్తీక్ పొట్టు దులుపుకుని లేచాడు. "పదిన్నరకే షురూ చేస్తరంట అక్కా. ఎవరు ముందొస్తే వాళ్ళను పిలుస్తరు. నేను ఉరుకుత."

"ఆగు, నేను..."

"నువ్వెందుకు పరేషాన్ అయితవ్? నిమ్మళంగ స్టేషన్ల దిగి, ఛాయ్ తాగి రా. నీది గూడ నేనే చెప్త, లోపటికి పోయే పనే ఉండది. నీ మీద ఒక్క మాట పడనియ్య. ఇష్టంతోనే కూసున్నది అంట, స్నేహక్క ముచ్చట చెప్త, వాళ్ళే సమజ్ చేసుకుంటరు."

"స్నేహ పోయింది ఆదివారంరా."

"ఏంది?" అన్నాడు, తలుపు దగ్గరి నుంచి. వినపడలేదు. వాడు ఆఫీసులో చేరకముందే ఆమె పోయింది, వాడికి తెలిసింది మేం చెప్పిన కథే, దాన్ని వాడు మనసారా నమ్మి, నా మీది ప్రేమతో, నా కంటే ముందు పోయి చెబుతాడు. దూకాడు. కంకర మీద వాడి బూట్ల చప్పుడు దూరమవుతోంది.

వెళ్ళి ఏం చెప్పాలో ఇంకా సరిగ్గా కుదరలేదు. కుర్చీ నాకు నచ్చింది అంటాను, అది దాచను. ఒక రోజు స్కూటీ వెనక కూర్చున్నాను, అదీ నచ్చింది అంటాను. పద్మారాణి అడిగింది, ఇవ్వలేదు. కుర్చీకి పేరు మార్చేటప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు. స్నేహ ఆదివారం పోయింది. పద్మారాణికి ఇందులో సగం నచ్చదు, కిష్టయ్య సారు ముఖం చిన్నబోతుంది, ఆయన ఎదురుగానే అనాలి, కార్తీక్ భయపడ్డదే జరగవచ్చు. జరగకపోవచ్చు. నేను లేచి తలుపు దగ్గరికి వచ్చాను. కింద మెట్టు చాలా కిందికి ఉంది, దాని కింద కంకర ఇంకా కిందికి, వాలుగా, ఎండలో మెరుస్తూ. పాత భయం లేచింది, దానికి ఆదివారం సంగతి ఇంకా తెలియదు.

"ఏమమ్మా, మొగోల్లంటే దుంకుతరు, నీకేం ఆపతి వచ్చింది?" అవ్వ నా వెనకే వచ్చి నిలబడింది. "జర ఆగితే టేషన్ల దిగుదువు గద."

"ఆగితే కాదవ్వా. నా సంచి జర పట్టు, దిగినంక అందియ్."

అవ్వ సంచి అందుకుని, నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూసింది. "గా కుచ్చిళ్ళు ముందుగాల పైకి చెక్కు, తట్టుకొని పడ్తవ్. గట్ల కాదు, నాటుకు పోయేటోల్ల లెక్క. ఆ. ముఖం బండి దిక్కు పెట్టి దిగు, నిచ్చెన దిగినట్టు."

ముఖం బండి వైపు తిప్పాను. రెండు చేతులతో కడ్డీ పట్టుకున్నాను, ఇనుము చల్లగా ఉంది. ఒక కాలు మెట్టు మీదికి, తర్వాత రెండోది. ఇక మెట్లు లేవు. కాలు కిందికి చాచి గాలిలో వెతికాను, వేళ్ళకు ఒక రాయి తగిలి దొర్లిపోయింది, ఇంకోటి తగిలి నిలిచింది. ఒక చేయి వదిలాను. దూరంగా కార్తీక్ నడక ఆపి వెనక్కి తిరిగాడు, "అక్కా! ఏం చేస్తున్నవ్!" అని అరిచాడు. రెండో చేయి వదిలాను.